అప్‌డేట్: టాంపాలో (ఫ్లోరిడా) పడవ లేకుండా చేపల వేట

ఇండియా నుంచి వచ్చిన నాన్నకు సముద్రపు చేపలు పట్టే సరదా ఉంది, పడవ అద్దె లేకుండా టాంపా బేలో ఎక్కడికి తీసుకెళ్లాలి, లైసెన్స్ కావాలా అని ఏప్రిల్‌లో అడిగాను. చాలామంది స్కైవే పియర్ (నీళ్ల మీదికి వంతెనలా సాగిన, చేపలు పట్టే చోటు) అన్నారు, అక్కడికే వెళ్లాం. 1980లో ఓడ గుద్ది కూలిన పాత వంతెనలో మిగిలిన ముక్కే ఇప్పుడు పియర్. కారు నేరుగా పైకే పోతుంది, పెద్దవాళ్లకు నడక బాధ లేదు. పియర్‌కే లైసెన్స్ ఉంది కాబట్టి మనకు విడిగా అక్కర్లేదు. పెలికాన్ పక్షులు గాలాలకు చిక్కుకోకుండా పెట్టిన ఉచిత ఆన్‌లైన్ కోర్సు మాత్రం ఏటా చేయాలి. ఇంట్లోనే కానిచ్చేయండి.

బతికున్న రొయ్య గుచ్చి వేస్తే స్పానిష్ మాకెరల్ తగిలింది. వెండి ఒంటి మీద పసుపు చుక్కలు చూసి నాన్న "ఇది మన వంజరం చుట్టమేరా" అన్నారు. నిజమే, రెండూ వేరే రకాలైనా ఒకే కుటుంబం చేపలు. పళ్లు మాత్రం బ్లేడే, మామూలు దారం పుటుక్కున తెంపేస్తుంది. కొసన లావు లీడర్ (గాలానికి ముందు కట్టే గట్టి దారం ముక్క) కట్టాకే నిలిచింది. మూతి నుంచి తోక చీలిక దాకా 12 అంగుళాలు లేనివి వదిలేశాం.

పులుసు కంటే వేపుడే బాగుంది. టార్పన్ అనే పెద్ద చేప మే, జూన్‌లో వస్తుందట. దాన్ని ఇక్కడ తినడానికి పట్టరు, పట్టి వదిలేయడమే. అయినా నాన్న తిరుగు టికెట్ వాయిదా వేయమంటున్నారు!