"చేరునే కుటజములకు": ముందున్నది కోయిలా, కోకిలా?

దేవరకొండ_బిడ్డ: మా మేనల్లుడికి బ్లడ్ క్యాన్సర్ వైద్యం నడుస్తోంది. వాడికి ఎక్కించే వింక్రిస్టిన్ మన బిళ్ళగన్నేరు నుంచే తీస్తారని డాక్టరమ్మ చెప్పినప్పటి నుంచి పోతన "మందార మకరంద" పద్యం ఒక్కటే బుర్రలో తిరుగుతోంది. లేత మామిడి చిగుళ్ళు తిని సొక్కిన కోయిల కుటజాల దగ్గరికి పోతుందా అనే పాదంలో, "లలిత రసాల పల్లవ ఖాదియై చొక్కు" తర్వాత కోయిలా, కోకిలా? కుటజమంటే బిళ్ళగన్నేరే అని మా తాత అనేవాడు, నిజమేనా?

పాలమూరు_పంతులు: కోయిలే. ఛందస్సుతో తేలదు, రెండూ భగణమే (ఒక గురువు, రెండు లఘువులు), యతి చూసినా "కో"కి "కు" సరిపోతుంది. కానీ రసాల, పల్లవ, ఖాది అని సంస్కృతం పేర్చుకుంటూ వచ్చి చివర్లో తెలుగు కోయిలను దింపడమే ఆయన సొగసు. పై పాదంలో కూడా రాజహంస అనలేదు, రాయంచ అన్నాడు గదా.

అచ్చంపేట_అడవి: కుటజం బిళ్ళగన్నేరు కాదన్నా, కొడిసెపాల. తెల్ల పూలు, గిల్లితే పాలు కారే చెట్టు. అమరకోశంలో (పాత సంస్కృత నిఘంటువు) గిరిమల్లిక అని ఉందని నిఘంటువుల వాళ్ళు కొండమల్లె అని రాసేసి అందరినీ మల్లెతీగ దగ్గరికి తోలారు. బిళ్ళగన్నేరు మడగాస్కర్ మొక్క, పోతన 15వ శతాబ్దం వాడు. అయితే తాత మరీ తప్పేం కాదు, రెండూ గన్నేరు కుటుంబమే.

మిర్యాల_మెడికల్: మందు సంగతి నేను చెప్తా. 1950లలో కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ ఈ ఆకును షుగర్ కోసం పరీక్షించారు, జమైకాలో షుగర్‌కి దీని కషాయం తాగేవాళ్ళు కాబట్టి. షుగర్ దిగలేదు గానీ ఎలుకల్లో తెల్లకణాలు పడిపోయాయి. అట్లా వింబ్లాస్టిన్ దొరికింది, వెనకే ఎలై లిల్లీ కంపెనీ వాళ్ళు వింక్రిస్టిన్ తీశారు, దానికి 1963లో అమెరికాలో అనుమతి వచ్చింది. కణం రెండుగా చీలేటప్పుడు లోపల అల్లుకునే సన్నని పోగులను ఇది అల్లుకోనివ్వదు. నరాలకూ అలాంటి పోగులే ఆధారం, అందుకే పిల్లలకు కాళ్ళ తిమ్మిర్లు, మలబద్ధకం వస్తుంటాయి, ఉంటే దాచకుండా డాక్టర్‌కి చెప్పండి. ఎవరైనా ఆకురసం పొయ్యమంటే మాత్రం అస్సలు వినకండి. ఆకులో ఈ మందు ఉండేది అతి కొంచెం, దాంతోపాటు పదుల రకాల ఆల్కలాయిడ్లు (మొక్కల్లో ఉండే ఘాటు రసాయనాలు) ఉంటాయి, ఏది ఎంత పోతుందో లెక్కుండదు.

దేవరకొండ_బిడ్డ: తిమ్మిర్లు ఉన్నాయన్నా, రేపే చెప్తాం. రసం పొయ్యమన్నోళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళకు ఇది చూపిస్తా.

సూర్యాపేట_సీసం: కొడిసెపాల చేదు కాబట్టి కోయిల పోదు అని అందరూ చెప్పేదే. నా లెక్క వేరు. కుటజం వానకారు పువ్వు, కాళిదాసు మేఘసందేశంలో యక్షుడు మబ్బుకి అర్ఘ్యమిచ్చింది కుటజ పూలతోనే. కోయిల వసంతానిది. ఇక్కడ గొడవ రుచిది కాదు, కాలానిది.

పాలమూరు_పంతులు: అట్లయితే రాయంచకూ, అది పోనన్న తరంగిణికీ (మామూలు ఏరు) ఏ కాలం పెడతావు సారూ? "ఖాది" అని తిండి మాట అక్కడే ఉంటే రుచి కాదంటావేంది? అది సరే, మొదటి పాదంలో తుమ్మెద పోదన్న "మదనములకు" అంటే ఉమ్మెత్తలా, మంగచెట్లా, ముందది చెప్పు.

అచ్చంపేట_అడవి: ఉమ్మెత్తలే.

సూర్యాపేట_సీసం: మంగ. వ్యాఖ్యానం ఇంట్లో ఉంది, రాత్రికి ఫొటో పెడతా.