అంబత్తూరులోనే కొత్త మెషీన్ పెట్టాలా, శ్రీసిటీకి మారాలా?

అందరికీ నమస్కారం. చెన్నై అంబత్తూరు ఎస్టేట్‌లో మాకు చిన్న వర్క్‌షాప్ ఉంది. నాన్న పెట్టింది, ఇప్పుడు నేనూ తమ్ముడూ నడుపుతున్నాం. పెట్రోలు, డీజిల్ ఇంజిన్లలో వాడే పిస్టన్ పిన్నులు, వాల్వ్ గైడ్లు చేస్తాం. ఎలక్ట్రిక్ బండిలో ఈ రెండిటికీ చోటే లేదు.

హ్యుందాయ్, ఫోర్డ్ 1990లలో వచ్చాక ఇక్కడ మాలాంటివాళ్లు ఎందరో నిలదొక్కుకున్నారు. 2022లో ఫోర్డ్ కార్ల తయారీ ఆపేసింది. ఇప్పుడు ఎలక్ట్రిక్ స్కూటర్లు హోసూరు, కృష్ణగిరి వైపు, వియత్నాం కంపెనీ విన్‌ఫాస్ట్ ఎలక్ట్రిక్ కార్లు తూత్తుకుడిలో. శ్రీపెరంబుదూరులో ఫోన్లు. రాష్ట్రం ఎదుగుతోంది, సంతోషమే. కానీ అందులో చెన్నై చిన్న వర్క్‌షాపుల వాటా ఎంత? నా దిగులంతా అదే. పైగా 2023 డిసెంబరు మిచాంగ్ తుఫానుకు ఎస్టేట్ అంతా నీళ్లే.

కంప్యూటరుతో నడిచే మంచి సీఎన్‌సీ మెషీన్ కొని ఎలక్ట్రిక్ బండ్ల మోటారు షాఫ్టులు చేద్దామంటాడు తమ్ముడు. ఆంధ్రాలో తడ దగ్గరి పారిశ్రామికవాడ శ్రీసిటీకి వెళ్దాం, మనవాళ్ల మధ్య ఉంటామంటారు నాన్న. నాకు మాత్రం లేత్ మీద చేయి తిరిగిన మా టర్నర్లు ముఖ్యం. వాళ్ల ఇళ్లు, పిల్లల బడులు ఇక్కడే. వాళ్లను వదులుకుంటే మెషీన్ ఎంత మంచిదైనా ఏం లాభం?

ఇంజిన్ పార్టుల నుంచి మోటారు పార్టులకు మారినవాళ్లు ఎవరైనా ఉన్నారా? మొదటి ఆర్డరు ఎలా దొరికింది? నమూనాలు పాస్ కావడానికి ఎన్నాళ్లు పట్టింది, అప్పటిదాకా బ్యాంకు కిస్తీలు ఎలా కట్టారు? శ్రీసిటీలో చిన్న యూనిట్లకు షెడ్లు అద్దెకు దొరుకుతాయా? అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.