ఫ్యాన్లు ఒక్క క్షణం తిరిగి ఆగిపోతున్నాయి, సొంతంగా కూర్చిన పీసీ ఆన్ కావట్లేదు (వైజాగ్)

పెదవాల్తేరు_ఎడిటర్:

అందరికీ నమస్కారం. నేను పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తుంటాను. పార్టులు కొనుక్కుని నేనే కూర్చుకున్న పీసీ ఇది. ఇన్నాళ్ళూ రాత్రంతా రెండర్ పెట్టినా కిక్కురుమనలేదు. వేసవిలో ఇల్లు తాళం వేసి పలాస వెళ్ళాం. తిరిగొచ్చి ఆన్ చేస్తే ఇదీ పరిస్థితి.

పవర్ బటన్ నొక్కగానే ఫ్యాన్లన్నీ ఒక్క క్షణం తిరిగి ఆగిపోతున్నాయి. కాసేపటికి నేను ముట్టుకోకుండానే మళ్ళీ తిరగబోయి మళ్ళీ ఆగుతాయి. మానిటర్ మీద ఏమీ రాదు. గోడ స్విచ్ వేయగానే బోర్డు మీద చిన్న లైటు మాత్రం వెలుగుతుంది.

లోపల ఉన్నవి: రైజెన్ 5 5600 ప్రాసెసర్, బి450 మదర్‌బోర్డు, డీడీఆర్4 ర్యామ్ 8 జీబీవి రెండు, జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు, పార్టులన్నిటికీ కరెంటు ఇచ్చే 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్. ర్యామ్ ఒక్కొక్కటే పెట్టి చూశాను. బోర్డు మీది గుండ్రటి బ్యాటరీ తీసి కాసేపాగి పెట్టాను. కార్డు తీసి మళ్ళీ బిగించాను. తేడా లేదు.

ద్వారకానగర్‌లో ఒక షాపుకి పట్టుకెళ్తే వాళ్ళ ఎస్‌ఎంపీఎస్ తగిలించి చూశారు, అలాగే ఆగింది. "బోర్డు పోయింది మేడమ్, కొత్తది వేసుకోండి" అన్నారు. శ్రావణం ముహూర్తాలు వచ్చేస్తున్నాయి, వైశాఖంలో జరిగిన పెళ్ళి వీడియోనే ఇంకా ఇవ్వలేదు, పెళ్ళికూతురి తల్లి రోజూ ఫోన్. టెన్షన్‌గా ఉంది. డబ్బు పెట్టేముందు అడుగుతున్నాను: నిజంగా బోర్డేనంటారా?

ఇంకో విషయం, దీనికి సంబంధం ఉందో లేదో మరి. క్యాబినెట్ ఇనుము మీద చెయ్యి పెడితే సన్నగా జివ్వుమంటోంది. అద్దె ఇల్లు, బాల్కనీలోంచి సముద్రం కనిపిస్తుంది.

గాజువాక_గేమర్:

ఎస్‌ఎంపీఎస్ పోయింది అక్కా, డౌటే లేదు. షాపువాళ్ళు పెట్టిందీ పాతదే అయ్యుంటుంది. మంచి 650 వాట్లది తీసుకుని వేసెయ్.

మధురవాడ_దేవ్:

బయోస్ (ఆన్ కాగానే బోర్డు మొదట నడిపే ప్రోగ్రాం) చూసుకోండి. బి450 బోర్డులు 2018లో వచ్చాయి, 5600 వచ్చింది 2022లో. పాత బయోస్ ఉంటే ఆ ప్రాసెసర్‌ని బోర్డు గుర్తుపట్టదు. బ్యాటరీ తీశారు కదా, పాత బయోస్‌కి వెళ్ళిపోయిందేమో.

కూర్మన్నపాలెం_రిటైర్డ్:

అమ్మా, తొందరపడి ఏదీ కొనకు. స్టీల్ ప్లాంటులో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ చేసి రిటైరయిన వాణ్ణి. అనుమానం వచ్చిన పార్టునల్లా మారుస్తూ పోతే జీతం మిగలదు, జబ్బూ దొరకదు. ముందు విడదియ్యి, తర్వాత కొలువు, ఆ తర్వాతే కొను.

మధురవాడ బాబుకి ముందు చెబుతాను. బ్యాటరీ తీస్తే పోయేవి సెట్టింగులే. బయోస్ ప్రోగ్రాం వేరే చిప్‌లో ఉంటుంది, అది వెనక్కి వెళ్ళదు. నిన్నటిదాకా నడిచిన ప్రాసెసర్ ఇవాళ బోర్డుకి కొత్తదైపోదు. పైగా ప్రాసెసర్‌ని గుర్తుపట్టని బోర్డు మామూలుగా ఫ్యాన్లు తిప్పుతూనే ఉంటుంది, బొమ్మ రాదంతే. ఇక్కడ ఫ్యాన్లే ఆగుతున్నాయి కదా.

గేమర్ బాబూ, ఎస్‌ఎంపీఎస్ అనుమానం తప్పు కాదు. కానీ వేరేది పెట్టినా అదే లక్షణం వచ్చిందంటే దాని మీద అనుమానం సగానికి పైగా తగ్గాలి. ఇంకో ఆధారం కూడా ఉంది. ఎస్‌ఎంపీఎస్ షార్టు చూసి తనకు తానుగా పడుకుంటే, చాలావాటిలో గోడ స్విచ్ తీసి వేసేదాకా లేవదు. ఇక్కడ ఎవరూ ముట్టుకోకుండానే మళ్ళీ లేస్తోంది. అంటే ఎక్కువ శాతం బోర్డే ఏదో చూసి ఆపేస్తోంది. ఆపుతున్నంత మాత్రాన బోర్డు చెడిపోయిందని కాదు, దానికి నచ్చనిదేదో దానికి తగిలి ఉంది.

షాపువాళ్ళ లెక్కలో నాకు కనిపించే లోటు ఒకటే. ఎస్‌ఎంపీఎస్ మార్చారు, నువ్వు ర్యామ్ మార్చావు, మిగిలింది బోర్డు అనుకున్నారు. క్యాబినెట్‌ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. అది ఉత్త రేకు డబ్బా కాదమ్మా. దాని బటన్లు, ముందువైపు యూఎస్‌బీ, ఆడియో తీగలు అన్నీ బోర్డుకే వెళ్తాయి. అడుగున బోర్డుని రేకుకి తగలకుండా ఎత్తి పట్టే ఇత్తడి స్టాండాఫ్‌లు ఉంటాయి, వాటిలో ఒకటి ఉండకూడని చోట ఉంటే బోర్డు వెనక టంకానికి తగులుతుంది. నీది ఇన్నాళ్ళు నడిచింది కాబట్టి అది కాకపోవచ్చు. కానీ ఎక్కడైనా జారిపడిన స్క్రూ ఉందేమో చూడు.

అందుకని బోర్డుని బయటికి తియ్యి. గోడ ప్లగ్గు పీకి, పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టుకుని మిగిలిన చార్జ్ దింపు. బోర్డు వచ్చిన అట్టపెట్టె ఉంటే దాని మీద పెట్టు. వెండిరంగు యాంటీ స్టాటిక్ కవర్ మీద మాత్రం పెట్టి ఆన్ చేయకు, దాని పైపొర కరెంటుని కాస్త పారనిస్తుంది. ప్రాసెసర్, దాని కూలర్ అలాగే ఉండనీ. ర్యామ్ ఒక్కటే పెట్టు, ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెడితే రెండో స్లాటులో. 5600లో సొంత గ్రాఫిక్స్ లేదు కాబట్టి కార్డు పెట్టక తప్పదు, అదే 5600జి అయితే ఆ బాధ ఉండేది కాదు. 24 పిన్నుల కనెక్టరు, ప్రాసెసర్ పక్కనుండే 8 పిన్నులది గట్టిగా నొక్కి పెట్టు. హార్డ్ డిస్కులు, క్యాబినెట్ తీగలు ఏవీ వద్దు. పవర్ స్విచ్ అని రాసి ఉన్న రెండు పిన్నులని స్క్రూడ్రైవర్ మొనతో ఒక్కసారి తాకించి వదిలెయ్యి. లేచిందా, బోర్డు బతికే ఉంది.

ఇక జివ్వుమనడం. ఎస్‌ఎంపీఎస్ లోపల ఫేజు నుంచి, న్యూట్రల్ నుంచి ఇనుప డబ్బాకి చిన్న కెపాసిటర్లు ఉంటాయి. వాటిలోంచి వచ్చే కాస్త కరెంటూ ఎర్త్‌లోకి పోవాలి. ఎర్త్ లేకపోతే డబ్బా సుమారు సగం వోల్టేజీ మీద, అంటే 115 దగ్గర తేలుతుంది. చెయ్యి పెడితే తెలిసేది అదే. పీసీ లేవకపోవడానికి కారణం అది కాకపోవచ్చు గానీ, అలా తేలుతున్న పీసీకి టీవీ హెచ్‌డీఎంఐ తీగ గుచ్చితే పోర్టు కాలిపోయే ప్రమాదం ఉంది. మీటర్ పెట్టి ఎర్త్‌కీ న్యూట్రల్‌కీ మధ్య ఎంత ఉందో చూడాలి, రెండు మూడు వోల్టులు దాటకూడదు. గోడ సాకెట్లో మీటర్ పెట్టిన అలవాటు లేకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలు.

గాజువాక_గేమర్:

బాబాయ్, ఎస్‌ఎంపీఎస్‌ని పేపర్ క్లిప్‌తో టెస్ట్ చేస్తారు కదా, అది చెప్పలేదేం?

కూర్మన్నపాలెం_రిటైర్డ్:

చెప్పకపోవడానికి కారణం ఉంది బాబూ. ఆకుపచ్చ తీగని నల్లదానితో కలిపితే ఎస్‌ఎంపీఎస్ లేస్తుంది, నిజమే. ఇప్పటి వాటిలో తీగలన్నీ నలుపే వస్తున్నాయి, ఏది ఏదో తెలియక 5 వోల్టులని నేలకి, అంటే గ్రౌండ్ తీగకి, కలిపేవాళ్ళు ఉన్నారు. పైగా ఆ పరీక్షలో లోడ్ ఉండదు. ఉత్తినే లేచిన ఎస్‌ఎంపీఎస్ కార్డు పని మొదలుపెట్టగానే కూలబడొచ్చు. రంగుల తీగలుంటే లేపి, పసుపు 11.4 నుంచి 12.6 లోపు, ఎరుపు 4.75 నుంచి 5.25 లోపు ఉన్నాయో లేదో చూసుకో. అందులో నెగ్గినా అది మంచిదని రాసి సంతకం పెట్టకు.

పెదవాల్తేరు_ఎడిటర్:

బాబాయ్ గారూ, లేచింది!!

డైనింగ్ టేబుల్ మీద అట్టపెట్టె, దాని మీద బోర్డు. స్క్రూడ్రైవర్ తాకించగానే ఫ్యాన్ తిరిగింది, ఆగలేదు. బయోస్ తెర వచ్చింది, ప్రాసెసర్ పేరు, ర్యామ్ అన్నీ చూపించింది. మా అమ్మ వచ్చి "డబ్బా లేకుండానే నడుస్తుంటే ఇక డబ్బా ఎందుకే" అంది.

రెండో ర్యామ్ పెట్టాను, బానే ఉంది. హార్డ్ డిస్క్ పెట్టాను, విండోస్ కూడా వచ్చింది. ఇప్పుడు క్యాబినెట్‌లోకి ఎక్కించాలా?

ఎలక్ట్రీషియన్ అన్నయ్య వచ్చి ఎర్త్ చూశాడు. ఎర్త్‌కీ న్యూట్రల్‌కీ మధ్య 38 వోల్టులు చూపించింది.

కూర్మన్నపాలెం_రిటైర్డ్:

శభాష్. ఎక్కించకు, అప్పుడే కాదు. క్యాబినెట్‌ని టేబుల్ పక్కకి తెచ్చి, బోర్డు అట్ట మీదే ఉండగా ముందు పవర్ స్విచ్ తీగ మాత్రం తగిలించి ఆన్ చెయ్యి. లేస్తే ఆపి ప్లగ్గు పీకి, ఆడియో తీగ. మళ్ళీ ఆన్. చివర్లో లావుగా ఉండే యూఎస్‌బీ 3 ప్లగ్గు. ఒక్కసారికి ఒక్కటే. దేనితో ఆగిందో అదే దొంగ. ఏదీ ఆపకపోతే అప్పుడు బోర్డుని ఎక్కించి చూద్దాం, స్టాండాఫ్‌లైనా, వెనక పోర్టుల చుట్టూ ఉండే ప్లేటైనా అవుతుంది.

ఎర్త్ సంగతి తర్వాత మాట్లాడతాను, 38 అంటే ఆ ఇంట్లో ఎర్త్ పేరుకే ఉంది.

పెదవాల్తేరు_ఎడిటర్:

దొరికింది. యూఎస్‌బీ 3 ప్లగ్గు పెట్టగానే పాత కథే, ఒక్క క్షణం తిరిగి ఆగింది. తీసేస్తే లేచింది. మళ్ళీ పెడితే మళ్ళీ ఆగింది.

టార్చి వేసి ముందువైపు పోర్టులు చూశాను. రెండిట్లో ఒకటి శుభ్రంగా ఉంది. ఇంకోదాంట్లో నీలం నాలుక మీద పచ్చగా చిలుము పట్టి ఉంది, పైన తెల్లటి పొడి. క్యాబినెట్ ముందు భాగం బాల్కనీ తలుపు వైపే ఉండేది, మేం లేనన్నాళ్ళూ కిటికీ పై రెక్క తెరిచే ఉందట.

కూర్మన్నపాలెం_రిటైర్డ్:

చూశావా, బోర్డు పాపం మంచిదే. పోర్టు నాలుక మీద నాలుగు పెద్ద రేకులు ఉంటాయి. ఒక చివరది 5 వోల్టులు, రెండో చివరది నేల, మధ్యలో రెండు డేటావి. సముద్రపు గాలిలో ఉప్పు వాటి మీద కూర్చుంటుంది. ఉప్పు ఊరికే ఉండదు, గాలిలోంచి తేమని లాక్కుని తడిగా ఉంటుంది. ఆ తడి రాగిని తింటుంది, చిలుము కడుతుంది, రేకుల మధ్య కరెంటు పారేందుకు దారి వేస్తుంది. రోజూ నడిచే పీసీ వేడికి కాస్త ఆరుతూ ఉంటుంది. తాళం వేసిన ఇంట్లో ఆరే అవకాశమే లేదు. 5 వోల్టుల లైను నేలకి తగిలేసరికి బోర్డు తనని కాపాడుకోవడానికి ఆగిపోతోంది. కొన్ని బోర్డులు ఇలాంటప్పుడు యూఎస్‌బీలో కరెంటు ఎక్కువ లాగుతోందని తెర మీద రాసి 15 సెకన్లలో ఆగుతాయి. నీది అంత ఓపిక ఉన్నది కాదు.

రూఢి చేసుకోవాలంటే, ఆ తీగని బోర్డు నుంచి పీకేసి మీటర్ని బీప్ మీద పెట్టి పోర్టు రెండు చివరి రేకుల్నీ తాకించు. మోగకూడదు.

జ్ఞానాపురం_రాజు:

మా వైపు ఉప్పుతో పాటు ఓడరేవు బొగ్గు ధూళి కూడా. తెల్లారి కిటికీ గట్టు తుడిస్తే గుడ్డ నల్లగా అయిపోతుంది. ర్యామ్‌ని రబ్బరుతో రుద్దితే చాలాసార్లు లేస్తుంది మా పీసీ. ఈ యూఎస్‌బీ పోర్టులో డబ్ల్యూడీ-40 స్ప్రే కొడితే పోదా?

కూర్మన్నపాలెం_రిటైర్డ్:

వద్దు రాజూ. మామూలు డబ్ల్యూడీ-40 నూనె పొర వదిలేస్తుంది, మీ బొగ్గు ధూళి దాని మీద చక్కగా అంటుకుంటుంది. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొనుక్కో, మెత్తటి టూత్‌బ్రష్‌తో రుద్ది పూర్తిగా ఆరనివ్వు. ర్యామ్‌కీ అదే. రబ్బరు ఒకటి రెండుసార్లు పర్వాలేదు, ఊరికే రుద్దుతుంటే ఆ బంగారు పూత ఎంతని ఆగుతుంది, అసలే పలచన.

పెదవాల్తేరు_ఎడిటర్:

మీటర్ మోగింది బాబాయ్ గారూ. ఆల్కహాల్‌తో రుద్దాక కూడా ఆ చెడ్డ పోర్టు ఇంకా మోగుతూనే ఉంది. ప్రస్తుతానికి ఆ తీగ పీకేసి, ఇన్సులేషన్ టేపు చుట్టి పక్కకి కట్టేశాను. వెనక పోర్టులు చాలు నాకు. పీసీ క్యాబినెట్‌లోకి ఎక్కింది, ఈ పూట రెండర్ నడుస్తోంది. షాపుకి ఫోన్ చేసి కొత్త బోర్డు వద్దని చెప్పేశాను.

పీసీని ఎక్కడ పెట్టమంటారు? ఎర్త్ సంగతి ఓనర్ గారికి చెబితే "సాకెట్లోనే న్యూట్రల్ నుంచి ఎర్త్‌కి చిన్న తీగ కలిపించుకోమ్మా, జివ్వుమనదు" అన్నారు.

కూర్మన్నపాలెం_రిటైర్డ్:

ఆ పని మాత్రం చచ్చినా చేయించకు. జివ్వుమనడం పోతుంది, నిజమే. కానీ ఏదో ఒక రోజు ఆ సాకెట్‌కి వచ్చే న్యూట్రల్ తీగ తెగుతుంది లేదా వదులవుతుంది. అప్పుడు క్యాబినెట్ మీదికి నేరుగా ఫేజు వచ్చి కూర్చుంటుంది. ఇప్పుడు చెయ్యి జివ్వుమంటోంది, అప్పుడు చెయ్యి అతుక్కుపోతుంది. ఈ "చిట్కా" చెప్పేవాళ్ళు ఊరినిండా ఉన్నారు.

బిల్డింగ్ ఎర్త్ గొయ్యి ఎక్కడుందో కనుక్కో. బీచ్ పక్క ఇసక నేల, వేసవిలో పైన ఎండిపోతే ఎర్త్ పట్టదు. గొయ్యిలో నీళ్ళు పోయిస్తే చాలాసార్లు తేడా తెలుస్తుంది. అయినా తగ్గకపోతే మీ సాకెట్ దాకా వచ్చే తీగ ఎక్కడో తెగినట్టు. ఓనర్ గారికి నేను చెప్పానని చెప్పు, గీజర్ కూడా అదే ఎర్త్ మీద ఉందని గుర్తుచెయ్యి, అప్పుడు కదులుతారు.

పీసీని బాల్కనీకి దూరంగా లోపలి గోడ పక్కకి జరుపు, ముందు భాగం గదివైపు ఉండాలి. వాడని పోర్టులకి రబ్బరు మూతలు దొరుకుతాయి, చవక. క్యాబినెట్‌లో సిలికా జెల్ పొట్లాలు వేయమంటారు కొందరు, గాలి ఆడే డబ్బాలో అవి పనికిరావు. ఊరెళ్ళేటప్పుడు ప్లగ్గు పీకేసి పాత దుప్పటి కప్పు, వచ్చాక తియ్యడం మర్చిపోకు.

తగరపువలస_చిన్ని:

ఇక్కడే అడుగుతున్నా సారీ. కొత్తగా రైజెన్ 7600, డీడీఆర్5 పెట్టి కూర్చాను. ఫ్యాన్లు ఆగకుండా తిరుగుతున్నాయి, తెర నల్లగానే ఉంది. మూడు నిమిషాలు చూసి ఆపేశాను. నాదీ క్యాబినెట్టేనా బాబాయ్?

కూర్మన్నపాలెం_రిటైర్డ్:

నీది వేరమ్మా. ఆ కొత్త బోర్డులు మొదటిసారి ర్యామ్‌ని పరీక్షించుకుని సర్దుకోవడానికి చాలా నిమిషాలు తీసుకుంటాయి. మధ్యలో ఆపితే మళ్ళీ మొదటికి వస్తుంది. ఆన్ చేసి, పావుగంట దాని జోలికి వెళ్ళకు. అప్పటికీ రాకపోతే ఒకటే ర్యామ్‌తో చూసి, బోర్డు మీద ఏ లైటు వెలుగుతోందో రాయి.