కియాంతిలో ఆర్గానిక్ ద్రాక్షతోట నాన్నకి చూపించాలి, వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి

అందరికీ నమస్కారం. నేను ఫ్లోరెన్స్‌లో ఎంఎస్ చదువుతున్నాను. సెప్టెంబర్ ఆఖరులో అమ్మానాన్న వస్తున్నారు. నాన్న రంగారెడ్డి జిల్లాలో ఇరవై ఏళ్లు అనాబ్-ఎ-షాహీ రకం ద్రాక్ష పందిళ్లు వేసిన రైతు. బూజు తెగులుకి మందులు కొట్టి కొట్టి, చివరికి తోట తీసేశారు. ఆ బాధ ఆయనకి ఇంకా పోలేదు. అందుకే కియాంతిలో గయోలే అనే ఊరి దగ్గరున్న బదియా ఆ కోల్తిబువోనో అనే తోటకి తీసుకెళ్లాలని నా ఆశ. అది 1051లో వల్లంబ్రోసా అనే క్రైస్తవ శాఖ సన్యాసులు స్థాపించిన మఠం. 1846 నుంచి ఒకే వంశం చేతిలో ఉంది. ద్రాక్ష అంతా ఆర్గానిక్ పద్ధతిలోనే పండిస్తారు.

ఆర్గానిక్‌లోనూ రాగి మందు కొట్టొచ్చు. కానీ యూరప్ నిబంధన ప్రకారం 7 ఏళ్లలో హెక్టారుకి 28 కిలోల రాగి దాటకూడదు. నాన్నకి ఫోన్‌లో చెబితే, బోర్డో మిశ్రమం (మైలుతుత్తం, సున్నం కలిపిన రాగి మందు) తన చేతులతో కలిపిన మనిషి, "అంత తక్కువతో బూజు ఎట్లా ఆగుతుందిరా?" అన్నారు. సాళ్ల మధ్య పచ్చిరొట్ట వేసే పద్ధతి కూడా దగ్గరుండి అడగాలట.

కోతల రోజుల్లో తోటలోకి రానిస్తారా, సెల్లార్ వరకేనా? నాన్న వైన్ ముట్టరు, టేస్టింగ్ వద్దంటే ఏమైనా అనుకుంటారా? సియెనా నుంచి బస్సులో గయోలేలో దిగాక టాక్సీ దొరుకుతుందా? అమ్మకి మోకాళ్ల నొప్పులు, కొండ ఎక్కలేదు. అదే నాకు టెన్షన్. ఆ చుట్టుపక్కల ద్రాక్షతోటల్లో పనిచేసే తెలుగువాళ్లు ఎవరైనా ఉంటే నాన్నతో పది నిమిషాలు మాట్లాడగలరా?