నంబర్ 32 స్కోపు: ఇది ఏ మార్కు, ఎలా బిగించాలి?

నమస్కారం. నేను ఇంగ్లండ్‌లో ఉంటాను. ఇక్కడి పాత సామాన్ల సంతలో రెండో ప్రపంచ యుద్ధం నాటి నంబర్ 32 స్కోపు (రైఫిల్ మీద బిగించే దూరదర్శిని), దాన్ని రైఫిల్‌కు పట్టి ఉంచే బ్రాకెట్‌తో సహా దొరికింది. ట్యూబు మీద మార్కు (అంటే ఎన్నో రూపమో చెప్పే) నంబరు అరిగిపోయింది. దూరం మార్చే డ్రమ్ము మాత్రం 50 గజాలకో క్లిక్కు చొప్పున తిరుగుతోంది. అంటే మార్కు 1 అనుకోవచ్చా?

ఈ స్కోపు బిగించే నా లీ-ఎన్‌ఫీల్డ్ నంబర్ 4 (టి) స్నైపర్ రైఫిల్ పేలకుండా చేసినది, చూసుకోవడానికే. బ్రాకెట్ మీద కొట్టిన నంబరు వేరే రైఫిల్‌ది. అప్పట్లో ఏ రైఫిల్ బ్రాకెట్‌ను ఆ రైఫిల్‌కే సరిచూసి అమర్చేవారు కదా, అందుకేనేమో ముందు ప్యాడ్ (బ్రాకెట్ ఆనేందుకు రైఫిల్ పక్కన ఉండే లోహపు దిమ్మ) దగ్గర సన్నని సందు వస్తోంది. బ్రాకెట్‌ను రైఫిల్‌కు పట్టే, చేత్తో తిప్పే రెండు మరలూ గట్టిగా బిగిస్తే ఏమవుతుందోనని టెన్షన్. ఎనభై ఏళ్ల వస్తువు, ప్యాడ్‌ను ఆకురాయితో అరగదీయడానికి మనసొప్పడం లేదు. పల్చని రేకు ముక్క పెడితే సరిపోతుందా? ఈ పని చేసినవాళ్లు దయచేసి చెప్పండి.