తోట గోతిలో పూడ్చినవి ఎన్నాళ్లకు కుళ్లుతాయి?

ప్రశ్న (కొబ్బరితోట, అంబాజీపేట):
చెట్ల వరసల మధ్య గొయ్యి తీసి తోటలో చెత్తంతా అందులోనే వేసి మట్టి కప్పడం మా మావయ్యగారి కాలం నుంచీ అలవాటు. కాలవలకి నీళ్లు ఆపేశారు కదా అని ఈమధ్య పాత గొయ్యి ఒకటి తిరగ తవ్వించాం. అరటి బోదెలు, గడ్డి ఆనవాలు లేవు. కొబ్బరి డొక్కలు (కాయ ఒలిచిన పీచు తొక్కలు) నల్లబడ్డాయి గానీ పీచు పీచుగానే ఉన్నాయి. యూరియా బస్తాలు, షాంపూ ప్యాకెట్లయితే మీద అక్షరాలు కూడా చదవచ్చు. మా అమ్మాయి స్కూల్లో చార్టు పెట్టారు, ప్లాస్టిక్ సంచికి 500 ఏళ్లు, గాజుకి 10 లక్షల ఏళ్లు అని. ఈ లెక్కలు నిజమేనా అండీ? డొక్కలు ఇకమీదట వెయ్యొచ్చా, మానెయ్యాలా?

కెమిస్ట్రీ మాస్టారు, భీమవరం:
అరటి తొక్క లెక్క ఎవరైనా పెరట్లో చూసి చెప్పొచ్చు, ప్లాస్టిక్‌ది అలా కాదండీ. సంచులు చేసే పాలిథీన్ బయటపడిందే 1933లో, ఇంగ్లండ్‌లో. 500 ఏళ్లు ఆగి చూసినవాళ్లు ఎవరూ లేరు, కొద్దికాలం పరీక్షించి దాన్నిబట్టి వేసిన అంచనా అది, అందుకే ఒక చార్టులో 20 ఉంటే ఇంకోదాంట్లో 1000 ఉంటుంది. ప్లాస్టిక్‌ని పాడుచేసేది ముఖ్యంగా ఎండ. అదే బస్తా డాబా మీద పడేస్తే కొన్ని వేసవులకి పెళుసెక్కి ముట్టుకుంటే రాలిపోతుంది, మట్టి కింద ఎండ తగలదు కాబట్టి మీరు చూసినట్టే ఉంటుంది. రాలిపోయినా కుళ్లినట్టు కాదు. ముక్కలు చిన్నవై వానకి కాలవలో కలుస్తాయి, నాకు ఎక్కువ భయం వాటి గురించే.

మట్టిపని, కొత్తపేట:
డొక్కలు మానెయ్యకండి! ఆలస్యంగా కుళ్లడమే వాటివల్ల లాభం. పీచులో లిగ్నిన్, అంటే దాన్ని గట్టిగా ఉంచే పదార్థం, చాలా ఎక్కువ, దాన్ని బాగా తినగలిగేవి కొన్ని రకాల బూజులు, పుట్టగొడుగులే, వాటికేమో గాలి కావాలి. మన నల్లమట్టిలో కాలవ నీరు ఊరి గొయ్యి నెలల తరబడి తడిగా ఉంటే ఇక గాలెక్కడిది? అందుకే వస్తువు పేరు పక్కన ఒక్క అంకె వేసే చార్టులు నాకు నచ్చవు, ఏ నేలలో పూడ్చారో చెప్పకుండా ఎన్నాళ్లో ఎలా చెబుతారు. కాసరగోడ్ కొబ్బరి పరిశోధన సంస్థ వాళ్లు చెప్పే పద్ధతేంటంటే, చెట్టు మొదలుకి 2 మీటర్ల దూరంలో, బోలు వైపు పైకి ఉండేలా డొక్కలు పేర్చి వరసకీ వరసకీ మధ్య మట్టి వెయ్యాలి. నీటిని పట్టి ఉంచుతాయి, పొటాష్ కూడా అందుతుంది, ఫలితం 5 నుంచి 7 ఏళ్లు. పీచు మిల్లు పొట్టు మాత్రం పచ్చిగా వెయ్యొద్దు, నేలలో ఉన్న నత్రజనిని లాగేసుకుంటుంది. పుట్టగొడుగు విత్తనం, కాస్త యూరియా పొరలు పొరలుగా వేసి నీడలో తడి ఆరకుండా ఉంచితే నెల రోజులకి ఎరువుకింద మారుతుంది.

సముద్రం ఒడ్డు, అంతర్వేది:
గాజు గురించి ఆలోచించడం దండగండీ, ఈజిప్టులో 3000 ఏళ్ల నాటి గాజు పాత్రలు ఇప్పటికీ ఉన్నాయి. సీసా పెంకులు గోతిలో వెయ్యకండి, రేపు తవ్వేవాళ్ల కాళ్లకే గుచ్చుకుంటాయి. ఇనుముకి మాత్రం మా ఉప్పుగాలి చాలు, గేట్లు మీ ఊళ్లకన్నా చాలా ముందే తుప్పు పట్టిపోతాయి.

కొబ్బరితోట, అంబాజీపేట:
థాంక్సండీ అందరికీ. కాలవలు వదిలేలోపు ప్లాస్టిక్ అంతా ఏరించేస్తాం. తగలబెట్టేద్దాం అంటున్నారు పనివాళ్లు?

కెమిస్ట్రీ మాస్టారు, భీమవరం:
వద్దండీ, ఆ పొగ పీల్చేది కూడా వాళ్లే. బస్తాలు కడిగి ఆరబెట్టి పాత సామాన్లవాళ్లకి ఇవ్వండి. షాంపూ ప్యాకెట్లు వేరువేరు పొరలు అంటించి చేస్తారు కాబట్టి వాళ్లు తీసుకోరు, విడిగా మూటకట్టి పంచాయతీ చెత్త బండిలో వేయించండి.