చిన్న కౌంటీల మధ్యగత గృహాదాయం: ఏ అంచనాను తీసుకోవాలి?

ప్రశ్న

నమస్కారం. టెక్సాస్‌లోని 254 కౌంటీలకూ 2023 నాటి మధ్యగత గృహాదాయాన్ని (సగం గృహాల ఆదాయం దీనికి పైన, సగం గృహాలది దీనికి కింద ఉండే అంకె) ఒకే పట్టికలోకి తెచ్చి, పటం మీద వేసి, ఆ తర్వాత పక్కపక్క కౌంటీలను కలిపి ప్రాంతాలవారీగా చూపవలసి ఉంది. సెన్సస్ బ్యూరో గృహాల నమూనాతో జరిపే అమెరికన్ కమ్యూనిటీ సర్వే ఏడాది అంచనాలు 65,000 లేదా అంతకు మించి జనాభా ఉన్న కౌంటీలకే వెలువడతాయి కనుక కాలిన్, డెంటన్ వంటి వాటికి ఇబ్బంది లేదు గానీ, పశ్చిమ టెక్సాస్ చాలావరకు ఖాళీగా మిగిలిపోతోంది. పెద్ద కౌంటీలకు ఏడాది అంచనానూ, చిన్నవాటికి అదే సర్వే ఐదేళ్ల అంచనానూ వేసి పట్టిక పూర్తి చేయవచ్చా? కౌంటీలను కలిపేటప్పుడు ఒక్కొక్క మధ్యగతాన్ని గృహాల సంఖ్యతో గుణించి సగటు తీస్తే సరిపోతుందా?

మొదటి జవాబు

రెండు రకాల అంచనాలను ఒకే పటంలో కలపవద్దని గట్టిగా చెబుతాను. ఐదేళ్ల అంచనా 2019 నుంచి 2023 వరకు సేకరించిన జవాబులన్నిటినీ కలిపి చేసినది. పాత ఆదాయాలను ధరల సూచీతో 2023 డాలర్లలోకి మారుస్తారు, అయితే ఆ సవరణ ధరలకే తప్ప ఉపాధిలో వచ్చిన ఎగుడుదిగుడులకు కాదు. మిడ్‌లాండ్ కౌంటీనీ, దానికి ఉత్తరాన ఆనుకుని ఉన్న మార్టిన్ కౌంటీనీ చూడండి. రెండూ చమురు మీద బతికేవే. మిడ్‌లాండ్‌కు 2023 అంకె వేసి, మార్టిన్‌కు 2020లో చమురు ధర కుప్పకూలిన కాలం కూడా కలిసిన అంకె వేస్తే, పటంలో కనిపించే తేడాలో ఎంత నిజమో, ఎంత కాలభేదమో ఎవరూ చెప్పలేరు.

మీ అవసరానికి సెన్సస్ బ్యూరోవారి చిన్న ప్రాంతాల ఆదాయ, పేదరిక అంచనాలు, అంటే ఎస్‌ఏఐపీఈ, ఎక్కువ తగినవి. ఇవి ఒకే సంవత్సరానికి చెందినవి, చిన్న కౌంటీలకు కూడా దొరుకుతాయి. సర్వే ఇచ్చిన ప్రత్యక్ష అంచనాతో పాటు, ఆదాయపు పన్ను రిటర్నుల వంటి ప్రభుత్వ రికార్డుల ఆధారంగా రిగ్రెషన్ (ఆ రికార్డులకూ ఆదాయానికీ ఉన్న సంబంధాన్ని బట్టి లెక్కకట్టే గణాంక మోడల్) ఇచ్చే అంచనాను కూడా తీసుకుని, దేని దోషం తక్కువైతే దానికి ఎక్కువ బరువు ఇచ్చి రెండింటినీ కలుపుతారు. ఉదాహరణకు ఒక చిన్న కౌంటీలో సర్వే 48,000 డాలర్లనీ, మోడల్ 56,000 అనీ చెప్పాయనుకుందాం. ప్రామాణిక దోషాలు (అంచనా ఎంత అటూఇటూ కావచ్చో చెప్పే కొలతలు) వరుసగా 6,000, 3,000. దోషాల వర్గాలకు విలోమంగా బరువులు వేస్తే సర్వేకు 0.2, మోడల్‌కు 0.8 వస్తాయి, ఫలితం 54,400. అసలు లెక్క ఆదాయాల సంవర్గమానాల (లాగరిథమ్‌ల) మీద జరుగుతుంది గానీ పద్ధతి ఇదే. జనాభా పెద్దదైన కౌంటీలో సర్వే దోషం బాగా తగ్గిపోతుంది కనుక మోడల్ ప్రభావం దాదాపు కనిపించదు.

రెండవ జవాబు

మీ రెండో ప్రశ్నకు: సరిపోదు. మధ్యగతాల సగటు మధ్యగతం కాదు. ఐదేళ్ల సమాచారంలోని బి19001 పట్టిక గృహాలను 16 ఆదాయ తరగతులుగా విభజించి చూపుతుంది. మీరు కలపదలచుకున్న కౌంటీల గృహాల సంఖ్యలను తరగతివారీగా కూడి, మధ్య గృహం ఏ తరగతిలో పడుతుందో చూడండి. మొత్తం 4,000 గృహాలుండి, 60,000 లోపు 1,850, ఆపై 75,000 లోపు తరగతిలో 500 ఉంటే, మధ్య గృహం ఆ తరగతిలో 150వది. అప్పుడు మధ్యగతం 60,000 + (150/500) × 15,000 = 64,500 డాలర్లు. ప్రాంతాల పట్టికకు ఐదేళ్ల సమాచారం తప్పదు కనుక, దానిని కౌంటీల పట్టికతో కలపకుండా విడిగా ఉంచి, కాలవ్యవధిని శీర్షికలోనే రాయండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. అమెరికా ప్రభుత్వ ఆర్థిక గణాంకాల సంస్థ బ్యూరో ఆఫ్ ఎకనామిక్ అనాలిసిస్ ప్రతి కౌంటీకీ తలసరి వ్యక్తిగత ఆదాయం ఇస్తోంది కదా, దానిని బదులుగా వాడితే ఈ చిక్కులన్నీ తప్పవా?

మూడవ జవాబు

అది వేరే కొలత. తలసరి అంటే సగటు. కొద్దిమంది అతి సంపన్నులు చాలు దానిని పైకి లాగడానికి. తలసరి వ్యక్తిగత ఆదాయంలో దేశంలోకెల్లా ముందుండేది వయోమింగ్‌లోని టీటన్ కౌంటీ; మధ్యగత గృహాదాయంలో ముందుండేది వర్జీనియాలోని లౌడన్ కౌంటీ. పైగా మెడికేర్ ప్రయోజనాలు, ఉద్యోగి పింఛను కోసం యజమాని జమచేసే మొత్తం వంటివి కూడా వ్యక్తిగత ఆదాయంలో కలుస్తాయి, సర్వే అడిగే నగదు ఆదాయంలో అవి ఉండవు. (మన జిల్లాల తలసరి ఆదాయం దీనికంటే దూరమైనది: అది జిల్లాలో జరిగిన ఉత్పత్తి విలువ నుంచి వచ్చేది, ఇంటింటి ఆదాయం అడిగి తీసినది కాదు.)

ఒక్క మనవి. ఏ అంచనా వాడినా పక్క గడిలో దాని దోష పరిమితిని (అంకెకు ± గుర్తుతో చూపే హద్దు) తప్పకుండా ఇవ్వండి. సెన్సస్ బ్యూరో ప్రచురించే పరిమితి 90 శాతం విశ్వాస స్థాయికి చెందినది, దానిని 1.645తో భాగిస్తే ప్రామాణిక దోషం వస్తుంది. 2020 జనగణనలో లవింగ్ కౌంటీలో ఉన్నది 64 మంది. అక్కడి అంకెనూ డాలస్ కౌంటీ అంకెనూ ఒకే రంగుతో, ఒకే ధీమాతో పటం మీద వేయడం చదివేవారికి అన్యాయం చేసినట్టే. అలాంటి కౌంటీలకు గీతల నింపుడు వేసి, ఎందుకు వేశారో పటం కిందే రాయండి.